ఏడుపులో నా వంతు

పొద్దున పదీ ఇరవైకి మా కాలేజీ మేడం మా తండా మలుపులో ఆటో దిగింది. చేతిలో నీళ్ల సీసా, భుజాన గుడ్డసంచి. సంచి మీద మా వైపు ఎవరూ చూడని పక్షి బొమ్మ. ఏదో ఆదివాసీ సదస్సులో ఇచ్చారట.

అప్పుడు నేను జనగామలో ఎం.ఏ. ఇంగ్లీషు రెండో సంవత్సరం. వలసానంతర ఆదివాసీ సాహిత్యం అనే పేపర్ తీసుకున్నాను. కెనడా, ఆస్ట్రేలియా మూలవాసుల దుఃఖాన్ని ఫ్యాన్ తిరగని గదిలో చదువుకునేవాళ్లం. తరగతిలో లంబాడీ పిల్లని నేనొక్కదాన్నే కాబట్టి కష్టమైన పేరా వచ్చినప్పుడల్లా అందరూ నావైపు చూసేవారు. కెనడా మంచు తుఫాను సంగతి నాకూ తెలియదు.

ప్రాజెక్టుకు నా అంశాన్ని మేడమే ఎంచింది. మా ఆడవాళ్ల ఏడుపు. తండాలో చుట్టం వస్తే ఆడవాళ్లు మెడ చుట్టూ చేతులు వేసి, రాగం తీసి ఏడుస్తారు. పోయినవాళ్లను తలుచుకుంటారు, ఇంటి సంగతులు చెప్పుకుంటారు. ఒకరు ఆపితే రెండోవాళ్లు అందుకోవాలి. కురవి దారిలో ఉన్న మా తండాలో అది పూర్తిగా వచ్చినవాళ్లు అప్పటికే ఇద్దరే మిగిలారు. మా నాని, అంటే అమ్మమ్మ, ఇంకా ఆమె ఈడుదే పొరుగింటి ముసలామె. నాకు రాదు. చదువుకునే పిల్లనని నన్నెవరూ ఏడవమనలేదు. రికార్డు చేసి రాసుకుంటే వచ్చినట్టేనని అనుకున్నాను.

మేడం ఫోన్ తీసేలోపే నాని ఆమె మెడ పట్టుకుంది. తాత పోయాడని, ఎండాకాలంలో బర్రె చచ్చిందని, మోకాళ్లు పట్టేశాయని, మనవరాలు జనగామలో ఏం చదువుతోందో అడిగితే చెప్పదని ఏడ్చింది. తరవాత ఆపి, మేడం అందుకుంటుందేమోనని చూసింది. మేడం కళ్లు తుడుచుకుని, తనకు అర్థమైందని ఇంగ్లీషులో చెప్పింది. నాని కొంగుతో ముఖం తుడుచుకుని చాయ్ పెట్టడానికి లేచింది.

ఫోన్ సంచిలోనే ఉండిపోయింది. మరోసారి ఏడవమని మేడం నాచేత అడిగించింది.

“మళ్ల ఎట్ల ఏడుస్త బిడ్డా? ఒక్కసారి వచ్చినవు, ఒక్కసారి ఏడ్చిన. పోయి మళ్ల వచ్చినప్పుడు ఏడుస్త,” అంది నాని.

మేడం చాయ్ గ్లాసు అరుగు మీద పెట్టి, మలుపు దాకా నడిచి, రికార్డింగ్ నొక్కి, మళ్లీ వచ్చింది. అంత సిద్ధాంతం చదివినవాళ్లకే అలాంటిది తోస్తుంది. నాని కూర్చున్నచోటి నుంచి కదలలేదు.

“గిది పోవుడా? నీ చాయ్ గూడ సల్లారలే.”

రికార్డయింది ఆ మాటా, వెనక ఒక కోడీ.

ప్రాజెక్టు గుర్తున్నంత మేరకు రాశాను. బర్రె ఉన్నచోట మేడం ‘చేజారిన జీవనాధారం’ అని రాయించింది. మోకాళ్లు తీసేయించింది. నా చదువు మీద నాని ఫిర్యాదు ‘వలసవాద విద్యపై ప్రతిఘటన’ అయింది. అన్నిటికీ నేను తలూపాను. ఒకరు ఆపితే ఒకరు అందుకోవడం మీద పన్నెండు పేజీల అధ్యాయం ఉంది. తరగతిలో నావే ఎక్కువ మార్కులు. ఇప్పుడు భూపాలపల్లిలో జూనియర్ కాలేజీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను.

నిరుడు నాని పోయింది. బస్సులు మారి మహబూబాబాద్ చేరి, అక్కడి నుంచి ఆటోలో తండాకు వెళ్లాను. గుమ్మంలోనే పొరుగింటి ముసలామె నా మెడ పట్టుకుంది. తనూ నానీ కలిసి మిరపకాయ ఏరడానికి పోయిన రోజుల గురించి ఏడ్చింది. ఉద్యోగానికని నేను బస్సెక్కిన రోజు నాని అన్నం ముట్టలేదని ఏడ్చింది. అది నాకు ఎవరూ చెప్పలేదు. తరవాత ఆపింది.

నా వంతు. పన్నెండు పేజీలూ గుర్తున్నాయి. ఒక్క మాట రాలేదు. ఏ మాటతో మొదలుపెట్టాలో వెతుకుతూ ఉండటం వల్ల కన్నీళ్లు కూడా రాలేదు. ఆమె నా భుజం మీద తల ఆనించి చాలాసేపు ఆగింది.

“నీకు రాదు గదా బేటీ,” అంది. తిట్టలేదు.

నా వంతు కూడా ఆమే అందుకుంది. నేను అనవలసినవన్నీ, నేనే అంటున్నట్టు, మా నానికి చెప్పింది. అందులో బర్రె ఉంది. మోకాళ్లు ఉన్నాయి.

మొన్న వెళితే ఆ ముసలామె నా మెడ పట్టుకోలేదు, కుర్చీ వేయించి మంచినీళ్లిచ్చింది. అందుకునేవాళ్లు లేనప్పుడు మొదలుపెట్టకూడదట. మా తండాలో ఇప్పుడు చుట్టాలు వస్తే ఎవరూ ఏడవరు.