ఆవలింతల డ్యూటీ

ఆ వ్యానులో రోజూ పదమూడు మంది పిల్లలు ఎక్కేవారు. మూడేళ్ళవాళ్ళు కొందరు, నాలుగేళ్ళవాళ్ళు కొందరు. కారే ముక్కులు, పుసి కళ్ళు, గుప్పిట్లో నాని ముద్దైన బిస్కెట్టు ముక్కలు. ఇంటి గుమ్మం నుంచి ఆటల బడి దాకా నలభై నిమిషాలు వాళ్ళని గోల లేకుండా కూర్చోబెట్టి తీసుకుపోవడం ఆయమ్మ పని. మనకి నలభై నిమిషాలంటే ఒక కునుకు. ఆ వయసులో అదొక జన్మ.

ఆయమ్మకి పిల్లలంటే ప్రాణమని ఎవరైనా చెబితే నమ్మక్కర్లేదు. ఆవిడకి రోత ఎక్కువ. ఒకరు తాగిన గ్లాసు ఎంత తోమినా ముట్టేది కాదు. ఎవరైనా వేలు తడి చేసుకుని కాగితం తిప్పితే మొహం పక్కకి తిప్పుకునేది. అలాంటి మనిషికి దేవుడు బతుకంతా పరాయివాళ్ళ కక్కు తుడిచే పనే రాసిపెట్టాడు. వ్యానుకి రాకముందు పద్దెనిమిదేళ్ళు బస్సు డిపోలో బస్సులు కడిగింది. బకెట్టు, చీపురు, ఫినాయిలు పట్టుకుని ఒక్కో బస్సూ ఎక్కేది. దిగిపోయిన వాళ్ళని సీటు సీటుకీ తిట్టుకుంటూ కడిగేది. రోత ఉన్న మనిషి కడిగినట్టు ఇంకెవరూ కడగలేరు. సీటు కింద ఇనప కమ్మీ వెనక కూడా వేలు పెట్టి చూసేది.

ఆ కడగడంలోనే ఆవిడకి ఒక సంగతి తెలిసింది. దారి కనపడే ముందు సీట్లలో వాంతి దాదాపు ఉండేదే కాదు. వెనక, నడుమ కూర్చుని ముందువాడి వీపు చూస్తూ పోయిన వాళ్ళ దగ్గరే ఎప్పుడూ మడుగు. కన్ను దారిని చూస్తుంటే కడుపు కుదురుగా ఉంటుందని ఆవిడకి ఏ డాక్టరూ చెప్పలేదు. తుడుపుగుడ్డ చెప్పింది.

అందుకే వ్యానెక్కిన మొదటి వారమే పిల్లలందరికీ ఉద్యోగాలు ఇచ్చేసింది. వాటిని డ్యూటీ అనేది. ఏడుపు మొదలెడితే వీధి చివరిదాకా వినపడేవాణ్ణి సైరను అని పిలిచేది. వాడికి టైలరు కొట్టు డ్యూటీ. షట్టరు పూర్తిగా లేచిందా, సగమే లేచిందా చూసి చెప్పాలి. చొక్కా గుండీలు నమిలే పిల్ల పేరు గుండీ. మంగలి షాపులో ఎంతమంది కూర్చున్నారో ఆ పిల్ల లెక్క. నవ్వని, ఏడవని నాలుగేళ్ళ పెద్దమనిషి ఒకడుండేవాడు. సిమెంటు బస్తాల మీద పడుకునే కుక్క వాడి బాధ్యత.

"ఆయమ్మా, కుక్క లేదు" అని ఒకరోజు పెద్దమనిషి చెప్పాడు.

"లేకపోతే ఎక్కడికి పోయింది?"

"ఆఫీసుకి పోయింది."

"మరి టిఫిను డబ్బా పట్టుకెళ్ళిందా?"

వాడు కాసేపు ఆలోచించి, "మర్చిపోయింది" అన్నాడు.

అంతే. కుక్కకి ఇప్పుడు అన్నం ఎవరు తీసుకెళ్తారని పదమూడు మందీ బడి గేటు దాకా తగువులాడుకున్నారు. ఒక్కడూ ఏడవలేదు, ఒక్కడూ కక్కలేదు.

చూడ్డం నేర్పితే పిల్లలు ఏం చూస్తారో మన చేతిలో ఉండదు. వ్యాను డ్రైవరు ఆ బడి పెద్ద మేడంకి సొంత తమ్ముడు. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని, బండి దానంతటదే పోతున్నట్టు కూర్చునేవాడు. సైరను ఎవరూ ఇవ్వకుండానే ఆ డ్యూటీ కూడా తీసుకున్నాడు. డ్రైవరు మామయ్య ఇవాళ ఐదుసార్లు ఫోనెత్తాడని ఇంట్లో చెప్పాడు. వాళ్ళ నాన్న మేడంకి ఫోను చేశాడు. మేడం తమ్ముణ్ణి గదిలోకి పిలిచి తలుపేసుకుంది. బయటికొచ్చేసరికి వాడి మొహం మాడిన గిన్నెలా ఉంది.

"పిల్లలకి చాడీలు నేర్పుతున్నావా, పెద్దమ్మా?" అన్నాడు ఆయమ్మ దగ్గరికొచ్చి.

"లెక్కలు నేర్పుతున్నాను నాయనా. ఐదు దాకా వచ్చాయి."

ఆ మాట వాడు మర్చిపోలేదు. వాళ్ళక్క చెవిలో ఏం ఊదాడో, పది రోజుల్లో వ్యాను ముందు భాగంలో పెద్ద టీవీ తెర వచ్చి కూర్చుంది. ఎండ పడి తెర సరిగా కనపడటం లేదని కిటికీలన్నిటికీ ఎలుగుబంట్లు, కుందేళ్ళు ఉన్న రంగు కాగితం అంటించారు. వీధి మాయమైపోయింది. టైలరు లేడు, కుక్క లేదు. చీకటి గుహలాంటి వ్యాను, అందులో ఒక నీలం ఏనుగు. అది దారి పొడుగునా ఒకే పాట పాడేది.

"పిల్లలు చూడు, ఎంత బుద్ధిగా ఉన్నారో. ఇలా అయితే ముందుముందు ఆయా కూడా అక్కర్లేదేమో" అంది మేడం నవ్వుతూ.

బుద్ధి కాదు, పాడూ కాదు. నోళ్ళు తెరిచి, గుడ్లప్పగించి, గడ్డం మీద చొంగ కారుతున్నా తుడుచుకోకుండా కొయ్యబొమ్మల్లా కూర్చున్నారు. పక్కవాడి మోచెయ్యి తగిలినా కదలరు. సైరను కూడా ఏడుపు మానేశాడు. వాడు ఏడిస్తే బాగుండునని ఆయమ్మ జీవితంలో మొదటిసారి అనుకుంది.

మూడో రోజు నుంచి వాంతులు మొదలయ్యాయి. ఒకడు మొదలెడితే ఆ వాసనకి పక్కవాడు, వాణ్ణి చూసి వెనకవాడు. విరిగిన పాలు, నమలని అరటిపండు, చాక్లెట్టు రంగు నీళ్ళు. పైన నీలం ఏనుగు మాత్రం తోకూపుతూ పాడుతూనే ఉండేది. ఆయమ్మ ముక్కుకి గుడ్డ కట్టుకుని తుడిచేది. డ్రైవరు అద్దంలో చూసి ముసిముసిగా నవ్వేవాడు.

వాంతికి ముందు పిల్లలు రెండుసార్లు ఆవలిస్తారని, పెదాలు నాక్కుంటారని, ఆ తరవాత ఉలుకూ పలుకూ ఉండదని ఆవిడకి తెలుసు. ఆ గుడ్డి వెలుతుర్లో ఆవిడ కళ్ళకి అందరి మొహాలూ ఆనవు. గుండీకి తెరంటే తలనొప్పి. అందుకని ఆ పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వెనక్కి తిప్పి, మొహాలు చూడమంది. "రెండో ఆవలింత రాగానే చెప్పు." గుండీ చెప్పేది, ఆయమ్మ చిన్న బకెట్టు పట్టేది. సగం బకెట్లో పడేవి. తక్కిన సగం ఆవిడ చెప్పుల మీద.

ఓ బుధవారం మధ్యాహ్నం మేడం పిలిపించింది.

"తల్లులు గోల పెడుతున్నారు. నువ్వు పిల్లలకి ఏవో చెత్త తినుబండారాలు పెడుతున్నావట. మా తమ్ముడు చూశాడట."

ఆయమ్మకి ఒళ్ళు మండింది. ఎవరి ఎంగిలీ ముట్టని మనిషి. పిల్లల చేతిలో బిస్కెట్టు కింద పడితే కాగితంతో పట్టుకుని తీసి పారేసే మనిషి.

"నేనేం పెట్టలేదమ్మా. ఆ కాగితాలు పీకించండి. బయటికి కనపడితే ఈ కక్కులు ఆగిపోతాయి."

"కిటికీకీ వాంతికీ ఏంటి సంబంధం? నువ్వేమన్నా డాక్టరువా?"

"కాదమ్మా. తుడిచేదాన్ని."

మేడంకి ఆ జవాబు రుచించలేదు. "శుక్రవారం నేనే వ్యానెక్కి నీ సంగతి చూస్తాను. ఆ రోజూ ఇలాగే ఉంటే శనివారం నుంచి నువ్వు రానక్కర్లేదు. నీ చేతి తిండి వల్లే ఇదంతా అని తల్లులకి నేనే చెప్పాల్సి వస్తుంది."

పని పోతే ఇంకో పని దొరుకుతుంది. ఆయమ్మని తినేసింది ఆ రెండో మాట. మురికి మనిషి అన్న పేరుతో వ్యాను దిగడమా? ఆ రెండు రోజులూ వ్యానుని ఫినాయిలుతో మూడేసిసార్లు కడిగింది. చేతివేళ్ళు తెల్లగా పాలిపోయాయి.

శుక్రవారం మేడం ఇస్త్రీ బట్టలు, అత్తరు వాసనతో వచ్చి వెనక సీటు నడుమ కూర్చుంది. ఆ సెంటు ఘాటుకే సగం పిల్లలకి తిప్పేలా ఉంది. తల్లులకి పంపడానికి ఫోనులో పిల్లల ఫొటోలు తీసింది, తీసినవి ఒక్కొక్కటీ వంచిన తల ఎత్తకుండా సరిచేసింది. అలిసిపోయినప్పుడు తలెత్తి ఏనుగుని చూసింది. తమ్ముడు ఆ రోజు ఫోను ముట్టకుండా, రెండు చేతులతో, పెళ్ళికొడుకులా తోలాడు. అయినా దారిలో గతుకులు గతుకులే, మలుపులు మలుపులే.

మూడో మలుపు దాటాక గుండీ ఆయమ్మ చెవి దగ్గరికొచ్చింది.

"ఆయమ్మా, పెద్ద మేడం ఆవలించింది."

"ఒకసారేనా?"

"రెండు. నాలిక ఇలా కూడా అంది." గుండీ పెదాలు నాకి చూపించింది.

ఆయమ్మ వెనక్కి చూసింది. పౌడరు కింద మేడం మొహం పాలిపోయింది. ఫోను ఒళ్ళోకి జారింది. బకెట్టు ఆయమ్మ కాళ్ళ మధ్యే ఉంది. ఆవిడ ఒక్క క్షణం దాన్ని పట్టుకుని అలాగే కూర్చుంది. ఆ ఇస్త్రీ బట్టల మీద పడనిద్దామా అని నిజంగానే అనుకుంది. తరవాత సీటు గుర్తొచ్చింది. రెండు రోజులు కడిగిన సీటు. ఎవరి కడుపు తిరిగితేనేం, తుడవాల్సింది తనేగా.

లేచి వెళ్ళి బకెట్టు మేడం గడ్డం కింద పెట్టింది. ఒక్క చుక్క బయట పడలేదు. బడిలో చేరిన దగ్గర్నుంచీ మేడం పెద్దరికమే చూసిన పిల్లలు, మొదటిసారి ఏనుగుని వదిలేసి వెనక్కి తిరిగారు.

"మేడం కక్కింది" అని పెద్దమనిషి అందరికీ తెలియజేశాడు.

డ్రైవరు బండాపాడు. మేడం రుమాలుతో మూతి తుడుచుకుని, కళ్ళనీళ్ళు ఆపుకుంటూ, "పొద్దున ఏదో తిన్నాను. పడలేదు" అంది.

"అవునా అమ్మా? నేనైతే మీకేమీ పెట్టలేదు."

డ్రైవరు స్టీరింగు వైపు చూశాడు. మిగిలిన దారంతా మేడం ముందుకొచ్చి డ్రైవరు పక్కనున్న ఆయమ్మ సీట్లో కూర్చుని, ముందద్దంలోంచి రోడ్డునే చూస్తూ వచ్చింది. బడి చేరేసరికి రంగు తేరుకుంది. ఆయమ్మ బకెట్టు పట్టుకుని పెరట్లో కుళాయి దగ్గరికి పోయింది. పెద్దవాళ్ళ కక్కు పిల్లల కక్కుకన్నా కంపు. పద్దెనిమిదేళ్ళ డిపో పనితో ఆవిడకి ఆ తేడా బాగా తెలుసు. నాలుగుసార్లు తోమినా తృప్తి కాక ఐదోసారి తోమింది.

శనివారం రావద్దని ఎవరూ చెప్పలేదు. సోమవారం కిటికీల మీద ఎలుగుబంట్లు లేవు. జిగురు మరకలు మాత్రం మిగిలాయి, అవి కూడా ఆవిడే గీకాలి. తెర ఉంది గానీ దాని తీగ ఊడదీసి ఉంది. తప్పయిందన్న మాట ఎవరి నోటా రాలేదు. పైగా, పిల్లల పరిశీలనా శక్తి పెంచడానికి బడి కొత్త పద్ధతి మొదలుపెట్టిందని మేడం తల్లులందరికీ కాగితాలు పంపింది. సైరను వాళ్ళమ్మ ఆ కాగితం చదివి వినిపిస్తే ఆయమ్మ తుపుక్కున ఉమ్మబోయి, అది కూడా రోతే కదా అని మింగేసింది.

"టైలరు సగం ఎత్తాడు" అని సైరను అరిచాడు వ్యాను కదలగానే.

"కుక్క ఆఫీసు నుంచి వచ్చేసింది" అన్నాడు పెద్దమనిషి.

గుండీ నోట్లోంచి గుండీ తీసి, "ఆయమ్మా, నేనిప్పుడు మంగలి షాపు చూడనా?" అని అడిగింది.

"చూడు. ఆవలింతల డ్యూటీ కూడా నీదే, మానకూడదు. మేడం మళ్ళీ ఎప్పుడెక్కుతుందో తెలీదు."