మా బావగారు కాపలా కాసిన కనెక్షన్

మంగళవారం పొద్దున మా అక్కయ్య గుడివాడ నుంచి ఫోన్ చేసేసరికి, నేను రెండో చెవికి ఇంకో ఫోన్ ఆనించుకుని నెట్ కంపెనీ వాళ్ళతో దెబ్బలాడుతున్నాను. "మీ బావగారు వెళ్ళిపోయారే" అంది అక్కయ్య. ఎక్కడికి అని అడగబోయాను. చెప్పాపెట్టకుండా బస్సెక్కి ఎటో వెళ్ళిపోవడం ఆయనకి మామూలే మరి. రాత్రి అన్నం తిని పడుకున్న మనిషి తెల్లారి లేవలేదట. సంగతి బుర్రకెక్కాక నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. బతికినన్నాళ్ళూ ఏ పనీ తొందరగా తెమలనివ్వని మనిషి, ఈ ఒక్క పనీ ఎవర్నీ అడక్కుండా, ఎవరికీ వ్యవధి ఇవ్వకుండా కానిచ్చేశారు.

పోయినవాళ్ళ గురించి రాయడం ఇలా మొదలుపెడతారా అని మీరనుకోవచ్చు. ఆయనతో కలిసి ఒక్క పని చేసిన వాళ్ళెవరూ అనుకోరు.

మా బావగారు, అంటే మా అక్కయ్య భర్త, గుడివాడలో ఉండేవారు. బంటుమిల్లి దగ్గర రొయ్యల చెరువులుండేవి, అంతకుముందు అక్కడే వరి పండించారు. ఏ వస్తువు కొనాలన్నా అమ్మేవాడితో మాట్లాడేవారు కాదు. నిన్న అదే బండి దగ్గర వంకాయలు కొన్నదెవరో కనుక్కుని, వాళ్ళింటికి వెళ్ళి కూర ఎలా కుదిరిందో అడిగొచ్చే రకం. అక్కయ్య గ్రైండర్ కావాలంటే, గ్రైండర్లున్న ఇళ్ళన్నీ తిరిగి ఇడ్లీలు తిని వచ్చారు గానీ, ఆ ఎండాకాలమంతా ఆవిడ రుబ్బురోలు తిప్పుతూనే ఉంది. ఏమైనా అంటే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఒకటే మాట చెప్పేవారు. "కాలవ ఎలా పారుతోందో నీళ్ళు వదిలే లాకుల దగ్గర అడక్కూడదమ్మా. శివారు రైతుని అడగాలి." కాలవ చిట్టచివర పొలం ఉన్నవాడే శివారు రైతు. పైవాళ్ళంతా తోడుకోగా మిగిలిన నీళ్ళే అతనికి చేరతాయి. మాట మంచిదే. ఇరవైసార్లు వింటే మంచి మాట కూడా చెవిలో జోరీగే.

రెండువేల సంవత్సరం దాటాక బెజవాడలో నేనొక చిన్న ఆఫీసు తెరిచాను. అమెరికా డాక్టర్లు రోగుల వివరాలు నోటితో చెప్పి రికార్డు చేస్తారు. ఆ ఫైళ్ళు నెట్ మీద తెప్పించుకుని, విని, టైపు చేసి, గడువులోగా తిరిగి పంపాలి. మనకి సాయంత్రమయ్యేసరికి అక్కడ ఆస్పత్రులు తెరుస్తారు, కాబట్టి మా పని దీపాలు పెట్టే వేళకి మొదలవుతుంది. పనిలోకి గుడివాడ, బందరు, చల్లపల్లి, అవనిగడ్డల నుంచి డిగ్రీ అయిన ఆడపిల్లల్ని తీసుకుందామనుకున్నాను. సాయంత్రం పూట, బెజవాడలో ఉద్యోగమా అని తల్లిదండ్రులు ఒక్కరూ ఒప్పుకోలేదు. అప్పుడు బావగారే ఇంటింటికీ వెళ్ళి, అరుగు మీద కూర్చుని, కాఫీ తాగి, "పిల్ల నా పూచీ" అని చెప్పి ఒప్పించారు. వాళ్ళకి హాస్టలు కూడా ఆయనే చూశారు. ఎలాగంటారా, ఆ హాస్టల్లో ఉండి ఖాళీ చేసి వెళ్ళిపోయిన అమ్మాయిల అడ్రసులు పట్టుకుని వెళ్ళి అడిగారు.

అమెరికా కంపెనీ ఒక నెల పాటు మా పని చూస్తామంది. ఫైళ్ళు గడువు దాటితే పని ఇవ్వదు. పని లేకపోతే పిల్లలు పెట్టెలు సర్దుకుని ఇళ్ళకి వెళ్ళిపోవాలి. ఇంతా చేసి ఈ వ్యవహారమంతా ఆధారపడింది ఒక నెట్ కనెక్షన్ మీద. అది ఎంపిక చేసే పని బావగారు తన మీద వేసుకున్నారు. నా తల ప్రాణం తోకకి రావడం అక్కడ మొదలైంది.

అప్పట్లో మా వీధికి మూడు దారులున్నాయి. టీవీ కేబుల్ అతనే నెట్ కూడా ఇస్తున్నాడు. ఒక కంపెనీ డాబా మీద యాంటెన్నా పెట్టి ఇస్తానంది. మూడోది టెలిఫోన్ వాళ్ళ డిజిటల్ లైను, దానికి దరఖాస్తు పెట్టుకుని వరస కోసం ఎదురుచూడాలి. నేను ముందు ఆ దరఖాస్తు పడేసి, ఈలోగా కేబుల్ తీసుకుందామన్నాను. బావగారు అలా కాదన్నారు. కేబుల్ వైరు వీధి చివర ఎక్కడ ఆగుతుందో చూసుకుంటూ, తల పైకెత్తి స్తంభం స్తంభానికీ నడిచారు. చివర ఒక ఫొటో స్టూడియో ఉంది. అందులో పగలంతా కూర్చుని వచ్చి, పొద్దున బాగానే వస్తోందట, సాయంత్రం ఎదురు వరసలో నెట్ సెంటరు కుర్రాళ్ళతో నిండగానే ఆగిపోతోందట అని తేల్చారు. సరే, యాంటెన్నా పెట్టిద్దామన్నాను. అది పెట్టించుకున్న విత్తనాల కొట్టు ఆటోనగర్ అవతల ఉంటే అక్కడికి వెళ్ళొచ్చి, వాన పడితే అది పనిచేయదన్నారు. ఇది నీళ్ళ వ్యవహారం కాదు బావగారూ అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. గోడకి చెప్పుకున్నా అది కాస్త వినేదేమో.

చివరికి ట్రయల్ నెల ముంచుకొచ్చింది. ఇక గత్యంతరం లేక టెలిఫోన్ లైనుకి అప్పుడు దరఖాస్తు పెట్టి, ఈలోగా కేబులే తీసుకున్నాం. ఇన్నాళ్ళు తిరిగిందీ తీసుకున్నదీ చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండదా చెప్పండి. ఆయన మాత్రం తాపీగా, నీళ్ళు తక్కువైనప్పుడు మనవాళ్ళు చేసేదే చేద్దామన్నారు. కాలవలో నీళ్ళు చాలకపోతే మా వైపు రైతులు కూర్చుని వంతులు వేసుకుంటారు, ఈ పూట నీకు, ఆ పూట నాకు అని. బావగారు ఆ వైరు మీదున్న వాళ్ళందర్నీ స్టూడియోలో కూర్చోబెట్టి, కాఫీలు ఇప్పించి, నెట్‌కి వంతులు వేశారు. సాయంత్రం మొదటి మూడు గంటలూ మావి. నెట్ సెంటరు యజమాని సగం మిషన్లు ఆపేసి ఉంచాలి. అతనికి గిరాకీ ఉండే వేళ అదే, అయినా పెద్దమనిషి ఎదురుగా కాదనలేక తలూపాడు.

నేను నవ్వాలో ఏడవాలో తెలియక కూర్చున్నాను. అంతటితో అయిందా? వంతు ఒప్పుకున్న రైతే చాటుగా వచ్చి గండి కొడతాడు గనక తూము దగ్గర మనిషిని కాపలా పెట్టడం కూడా మా వైపు ఆనవాయితీ. బావగారు రోజూ మధ్యాహ్నం గుడివాడలో బస్సెక్కి వచ్చి, నెట్ సెంటర్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కాపలా కూర్చునేవారు. ప్రేమ కబుర్లు టైపు చేసుకోడానికి వచ్చిన కుర్రాళ్ళు ఆ పంచెకట్టుని చూసి గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోయేవారు. ఆ యజమాని ఎదురుపడితే నేను కొంగు కప్పుకుని తప్పుకుపోయేదాన్ని.

ఇంత కాపలా కాసినా రెండోవారంలో ఫైళ్ళు ఆలస్యమయ్యాయి. ఒకసారి కాదు, రెండుసార్లు. మూడోసారి జరిగితే ఇక పని ఉండదని అమెరికా వాళ్ళు మెయిల్ పెట్టారు. బావగారు యజమాని మీద విరుచుకుపడ్డారు, గండి కొట్టింది నువ్వేనన్నారు. అతను తన సెంటరు మొత్తం ఆపేసి, ఇప్పుడు చూసుకోండి అన్నాడు. మా ఆఫీసులో నెట్ అప్పుడూ కదల్లేదు. కేబుల్ అతను వచ్చి చూస్తే తేలిందేమిటంటే, వైరులో వచ్చేదంతా మా ఆఫీసులోకే వస్తోంది. చల్లపల్లి నుంచి వచ్చిన అమ్మాయి తన మిషన్లో సినిమా పాటలు దింపుకుంటోంది, వంద పాటలు వరసగా పెట్టి. ఊరందరి తూములకీ కాపలా కాసిన మనిషి సొంత గట్టు మాత్రం చూసుకోలేదు.

ఆ అమ్మాయిని పొద్దున బస్సుకే పంపించేస్తానన్నాను. ఆ కోపం న్యాయమైనదని ఇప్పటికీ అంటాను. మిగతా పిల్లల బతుకులన్నీ ఆ పాటల కింద పడి నలిగిపోతున్నాయి మరి. అమ్మాయి గోడవారగా నిలబడి వెక్కుతోంది.

"పిల్లని పంపెయ్యడం ఎంతసేపమ్మా" అన్నారు బావగారు. "వాళ్ళ నాన్నకి నేనేం చెప్పాలి? పాటలు విన్నదని ఉద్యోగం తీసేశామండీ అని చెప్పాలా? పూచీ అంటే పిల్ల బాగున్నప్పుడు పడేదేంటి, ఇలాంటప్పుడు పడేదే గదా."

నేను ఇంకేదో అనబోతే చెయ్యెత్తి ఆపారు. అమ్మాయితో ఒక్క మాటే అన్నారు, "పాటలు ఆదివారం విను తల్లీ, నేనే రేడియో కొనిస్తాను." తర్వాత వీధి దాటి నెట్ సెంటర్లోకి వెళ్ళి, కుర్రాళ్ళందరి ముందూ ఆ యజమానికి చేతులు జోడించారు. తప్పు మా ఇంట్లో పెట్టుకుని నిన్ను అన్నాను నాయనా, మనసులో పెట్టుకోకు అన్నారు. ఆయనది అతని తండ్రి వయసు. కంగారుపడి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ నెల మిగిలిన రోజులన్నీ సాయంత్రం ఎవరూ అడక్కుండానే సగం మిషన్లు ఆపేశాడు. బావగారు మాత్రం కుర్చీ వదల్లేదు. కాపలాకి కాదట, అతనితో కబుర్లకట.

ట్రయల్ నెగ్గాం. నెగ్గిన వారానికి టెలిఫోన్ వాళ్ళ లైను వచ్చింది. ముందే దరఖాస్తు పడేసి ఉంటే ఇంత రామాయణం ఉండేది కాదు కదండీ అన్నాను. అవును అన్నారు. ఆయన నాతో అవును అనడం అదే మొదలు, అదే చివర. ఆ మర్నాడే ఆ లైను ఎలా ఉందో అది పెట్టించుకున్నవాళ్ళని అడగడానికి బయల్దేరారు.

ఫోన్ వచ్చిన ఆ మంగళవారమే నేను గుడివాడ వెళ్ళాను. వెనకే ఆఫీసు పిల్లలంతా వ్యాను మాట్లాడుకుని వచ్చారు. నెట్ సెంటరు యజమాని కూడా వచ్చి పందిట్లో ఒక మూల నిలబడ్డాడు. చల్లపల్లి అమ్మాయి మాత్రం రాలేదు. ఇప్పుడు ఆఫీసులో అందరికంటే పాత మనిషి ఆవిడే, అయినా రాలేదు. ఆయన అంత చేస్తే చివరి చూపుకి రావడానికి కాళ్ళు రాలేదా అని, ఆ దుఃఖంలో కూడా నాకు ఒళ్ళు మండింది.

బుధవారం సాయంత్రం ఆఫీసుకి వచ్చాను. కుర్చీలన్నీ ఖాళీ, పిల్లలు ఇంకా గుడివాడ నుంచి తిరిగి రాలేదు. ఒక్క మిషను ముందు ఆ అమ్మాయి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుని ఉంది. అదృష్టం కొద్దీ ఫైళ్ళు పలచగానే వచ్చాయట, అందరి వాటా నిన్నటి నుంచి తనొక్కతే చేస్తోంది. ముఖమంతా వాచిపోయి ఉంది. నన్ను చూసి ఒక చెవి మీంచి హెడ్‌ఫోను పక్కకి జరిపింది.

"ఒక్కటి కూడా గడువు దాటలేదు మేడం. ఆయన పోయిన రోజున దాటకూడదనుకున్నాను" అంది.

తను మళ్ళీ తెర వైపు తిరిగింది. కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోవడం లేదు, చేతులు ఖాళీ లేవు. అవతల డాక్టరు అన్న మాటేదో అందలేదు కాబోలు, కాలి కింది పెడల్ తొక్కి రికార్డును వెనక్కి తిప్పి, మళ్ళీ విని, టైపు చేస్తోంది.