బావ బూట్లు

బ్యాంకాక్‌లో, కొలంబోలో చూసొచ్చిన బుద్ధుడి గుళ్ల గురించి చెప్పి చెప్పి మా అక్క మొగుడు రెండు రోజులుగా కిరందుల్‌లో నా బుర్ర తింటున్నాడు. ఆ నోరు మూయించడానికే, మా బస్తర్‌లోనూ ఒక పాత రాతి బుద్ధుడున్నాడని జీపు మాట్లాడి తీసుకెళ్లాను. దారిలో వారపు సంత తగిలింది.

ఇక్కడి సంతల్లో ఇప్పసారా అమ్మే ఆడవాళ్లు ముందు ఆకు దొప్పలో కాస్త పోసి రుచి చూపిస్తారు. బావ ముగ్గురి దగ్గర రుచి చూశాడు, ముగ్గురి ముందూ మొహం చిట్లించాడు, ఒక్కరి దగ్గరా కొనలేదు.

"బ్యాంకాక్ మార్కెట్లో ఎంత శుభ్రంగా ఉంటుందో బామ్మర్దీ!" అన్నాడు పైగా.

బుద్ధుడి గద్దె బూట్లతోనే ఎక్కాడు. ఆ దేశాల్లో సాక్సులు కూడా విప్పి లోపలికెళ్లానని చెప్పిన మనిషే. ఇక్కడి ఊళ్లవాళ్లు ఆ విగ్రహాన్ని తమ ముసలి తాతగా కొలుస్తారు. ఒక ముసలామె వచ్చి, దొప్పలో తెచ్చిన సారా తాత ముందు నేలమీద పోసి దణ్ణం పెట్టింది.

"బుద్ధుడికి సారా ఏంటి!" అని బావ పగలబడి నవ్వాడు.

ఆమె అతని బూట్ల వంక చూసి, నా వైపు తిరిగి ఇక్కడి హల్బీ భాషలో అడిగింది: "ఈయన మీవాడేనా?"

ముప్పై ఏళ్లుగా నేను హల్బీ మాట్లాడుతున్నాను. ఒక్క ముక్క అర్థం కానట్టు నిలబడ్డాను.