మధ్య సీట్లో సర్పంచ్ గారు

ఈ రోజు పొద్దున చల్లపల్లి నుంచి విజయవాడ వస్తూ బస్సులో ఒక రాజకీయ థ్రిల్లర్ చదువుతున్నాను. అందులో హోంమంత్రిగా ఉన్న ఒకావిడ, సొంత పార్టీవాళ్లు చేయించిన హత్యను బయటపెట్టడానికి ఒంటరిగా పోరాడుతుంది. ముగ్గురు కూర్చునే సీటు మాది. కిటికీ దగ్గర నేను, నా పక్కన నా వయసే ఉన్న ఒకావిడ, ఆ చివర ఆవిడ భర్త. పుస్తకం అట్ట చూసి కథేమిటని ఆయనే అడిగాడు. చెప్పాను. నవ్వాడు.

“ఆడమనిషి ఒక్కతే అదంతా ఎక్కడ చేస్తుందండీ? వెనకాల మొగుడో, తండ్రో ఉండే ఉంటాడు చూడండి.”

ఇంతలో ఆయన ఫోన్ మోగింది. “ఆఁ, సర్పంచ్‌నే మాట్లాడుతున్నా” అన్నాడు. పెట్టేశాక, “మీరు సర్పంచాండీ?” అని అడిగాను.

“మా ఆవిడండీ. పేరు తనది, పని నాది. తను సంతకం పెడితే చాలు.”

ఆవిడ మా ఇద్దరి మధ్యే కూర్చుని వింటోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

“ఓట్లు ఆవిడకేస్తే మీరెలా సర్పంచ్ అయ్యారండీ?” అని గట్టిగానే అడిగాను. ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

“ఊళ్లో సంగతులు మీకేం తెలుసు మేడమ్” అని ఆయన ముఖం తిప్పుకున్నాడు.

నేను బెంజి సర్కిల్లో దిగబోతుంటే ఆవిడ మెల్లగా అడిగింది. “చివరికి ఆ మంత్రిగారు గెలుస్తారాండీ?”

నాకూ తెలియదు, ఇంకా నలభై పేజీలున్నాయి. పుస్తకం ఆవిడ చేతిలో పెట్టేశాను. ఆయన లాక్కోబోయాడు. ఆవిడ ఇవ్వలేదు. బ్యాగులో పెట్టుకుని జిప్ వేసుకుంది.

సాయంత్రమైనా నా కోపం తగ్గలేదు. మీ ఊరి సర్పంచ్ ఎవరో చెప్పండి. ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారో కూడా చెప్పండి.