సంపూర్ణమ్మ చీర అంచు

హెప్సిబా పనిని చుట్టాలు ఇప్పటికీ బొమ్మలు వేయడమే అంటారు. నిజానికి ఆమె కుంచె పట్టేది తక్కువ. చెక్కపలక మీద పాత గుడ్డలు, తెగిన వలలు అంటించి, జిగురులో కలిపిన కాలవ ఒండ్రు పూస్తుంది. గవర్నర్‌పేటలో మేడమీద గదంతా ఆ సరంజామాయే. చూసినవాళ్లు బాగుందని వెళ్లిపోతారు, ఆమె మళ్లీ పనిలో పడుతుంది.

ఈసారి ప్రదర్శనకు అమ్మమ్మ సంపూర్ణమ్మ మీద ఒక పలక తలపెట్టింది. ఆవిడ ఫొటో ఒక్కటీ లేదు. మిగిలిందల్లా బందరు కాలవలో బాప్తిస్మం తీసుకున్ననాటి తెల్లచీర. రేవులో మునిగి లేచినప్పుడు కుచ్చిళ్ల అంచుకు బురద పట్టింది. ఆ మహాతల్లి దాన్ని ఉతకకుండా దండెం మీద ఆరేసి, పోయేదాకా పెట్టెలో దాచుకుంది. హెప్సిబాకు కావలసింది ఆ బురద చారే. పలకంతా సిద్ధం చేసి మధ్యలో చీరకు చోటు వదిలింది. కంకిపాడులో ఉన్న తల్లి మార్తకు ఫోన్ చేసి, చీర తీసి ఉంచమంది.

తీసి ఉంచమంటే మార్త ఊరుకుంటుందా? నలుగురూ చూసే చీర, మాసిపోయి ఉంటే పరువేం కావాలి? శుభ్రంగా ఉతికి, నీలిమందు పెట్టి, ఇస్త్రీ చేయించింది. ఆదివారం కూతురు రాగానే చేతిలో పెట్టింది.

హెప్సిబా మడత విప్పి అంచు చూసింది. తెల్లగా ఉంది. చీర ఒళ్లో వేసుకుని గచ్చు మీద కూలబడింది.

"ఎంత పని చేశావే అమ్మా. అమ్మమ్మది అదొక్కటేగా మిగిలింది."

"కాలవ పక్కనేగా ఉంది. కాస్త బురద తెచ్చి పూస్తే పోలా?"

"అది నేను పూసిన బురదవుతుంది."

మార్తకు తాను చేసిందేమిటో అప్పుడు తెలిసింది. పెరటి గుమ్మం వైపు చూసింది.

"తొలిసారి జాడించిన నీళ్లు పారబొయ్యలేదే. బాప్తిస్మం చీర కదా, ఎవరూ తొక్కకూడదని కరేపాకు చెట్టు మొదట్లో పోశాను."

హెప్సిబా పెరట్లోకి వెళ్లి, ఆ మొదట్లో మట్టి గోకి గిన్నెలోకి ఎత్తింది. తన సంచిలోని జిగురు కలిపి తల్లి ముందు పెట్టింది.

"నాకు రాదమ్మా ఇదంతా."

"ఉతకడం వచ్చిందిగా. పుయ్యి."

మార్త కళ్లజోడు పెట్టుకుని, నాలుగు వేళ్లు ముంచి, అంచు వెంబడి లాగడం మొదలుపెట్టింది. సగంలో చెయ్యి ఆగిపోయింది.

"అమ్మా, నీ ఆనవాలు నా చేత్తోనే ఉతికేశానే" అని భోరుమంది.

ఏడుస్తూనే చివరిదాకా పూసింది. వేళ్లు వణికినచోటల్లా చారలు వంకర్లు పోయాయి. హెప్సిబా వాటిని సర్దలేదు. చీరను అలాగే దండెం మీద ఆరేసింది.