నరసమ్మ పేరు మీద ఎర్ర గీత

1930ల మొదట్లో మారిషస్‌లో ఆదాయపు పన్ను ఇంకా కొత్త. పోర్ట్ లూయీ పన్నుల కచేరీలో నేను రిటర్నులు సరిచూసే గుమస్తాను. రిటర్ను అంటే ఏడాది ఆదాయం ఎంతో ఎవరికి వారు రాసిచ్చే కాగితం. తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి మనవాళ్ళెవరు వచ్చినా నా బల్ల దగ్గరికే తోసేవారు. నాకా, కోపం ముక్కు మీదే ఉండేది. చేతిలో ఎర్ర పెన్సిల్ ఒకటి.

అప్పలసామి పాంప్లెమూస్ దగ్గర చెరకు రైతు. కూలివాడి కొడుకు, ఎకరం ఎకరం కొనుక్కుంటూ పన్ను కట్టేంతవాడయ్యాడు. మా మెట్లెక్కి వచ్చేసరికి ఆయాసంతో అయిదు నిమిషాలు మాట్లాడలేకపోయాడు.

ఆదాయం కాస్త పెరిగితే మొత్తానికీ పెద్ద రేటు పడుతుందని ఆయన భయం. అది కాదు, పై రేటు పైమెట్టు ఎక్కిన భాగానికే పడుతుందని కాగితం మీద మెట్లు గీసి చూపించాను. హమ్మయ్య అనుకున్నాడు. తరువాత డిడక్షన్ల దగ్గరికి వచ్చాం. అవి పన్ను వేసేముందు ఆదాయంలోంచి తీసేసే మినహాయింపులు. భార్య ఉన్నవాడికి ఒకటి దొరుకుతుంది.

"పెళ్ళి పత్రం తెచ్చారా?"

"పత్రమేటి బాబూ? ముప్పై అయిదేళ్ళ కిందట గుళ్ళో తాళి కట్టాను. ఊరంతా బోంచేసింది."

గుడిలో జరిగిన పెళ్ళి ప్రభుత్వం లెక్కలో పెళ్ళి కాదు. సివిల్ కచేరీలో అధికారి ముందు సంతకాలు పెడితేనే పెళ్ళి. మనవాళ్ళలో చాలామంది ఆ గడప తొక్కనేలేదు. నేను మారుమాట లేకుండా 'భార్య: నరసమ్మ' అన్న పంక్తిని ఎర్ర పెన్సిల్‌తో కొట్టేశాను.

ఆయన ఆ గీత మీద వేలు పెట్టాడు.

"ఎంతయితే అంత కడతాను, మిస్యే. ఆ గీత సెరిపెయ్."

అప్పటిదాకా బాబూ అన్న మనిషి నన్ను ఫ్రెంచి దొరలను పిలిచినట్టు మిస్యే అని పరాయివాళ్ళలో కలిపేశాడు. ఒళ్ళు మండింది. కానీ ఆయన ఆయాసం వింటుంటే కోపం నిలవలేదు.

"పన్ను సంగతి వదిలెయ్యండి మామా. రేపు మీకేమైనా అయితే ఆ భూమి మీద అత్తకు భార్యగా హక్కే ఉండదు. వెంటనే వెళ్ళి సంతకాలు పెట్టండి."

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. "రానంటంది బాబూ. ఇప్పుడు సంతకం పెడితే ఇన్నేళ్ళూ నానెవరినని అడుగుతంది. ఏటి సెప్పను?"

ఆ ఆదివారం నేనే వాళ్ళింటికి వెళ్ళాను. నరసమ్మ అరుగు మీద ఆకుకూర గిల్లుతోంది.

"నా పేరు కొట్టేసింది నువ్వేనా?"

"నేనే అత్తా."

"సెయ్యి బాగానే ఆడిందే!"

నవ్వబోయాను, రాలేదు. ఎవరికీ చెప్పని సంగతి నోట్లోంచి వచ్చేసింది. "మా అమ్మకీ పత్రం లేదు అత్తా. నాన్న పోయాక ఇల్లూ పొలమూ బాబాయివైపోయాయి. అమ్మ నాన్నకు ఏమీ కాదని తేల్చారు."

"మీ యమ్మ ఏటంది?"

"పెట్టె సర్దుకుని నా చెయ్యి పట్టుకుంది."

ఆమె చేతిలోని కాడ చేతిలోనే ఉండిపోయింది. అన్నీ తెలిసి కూడా అంత తేలిగ్గా ఎలా కొట్టెయ్యగలిగానో అని సిగ్గుతో తల దించుకున్నాను.

"వత్తాను," అంది చివరికి. "కొత్త తాళి మాత్రం కట్టించుకోను. నానేటి కొత్త పెళ్ళికూతురినా?"

సివిల్ కచేరీలో సాక్షిని నేనే. సంతకం పెట్టమంటే అప్పలసామి కలాన్ని తిరగేసి పట్టుకున్నాడు. నరసమ్మ కలాన్ని ఆయన వేళ్ళ మధ్య సరిగ్గా పెట్టి, "పెట్టు, ఇప్పుడు పారిపోతావేటి?" అంది. ఆయన చిన్నపిల్లాడిలా సిగ్గుపడ్డాడు. ఆ ముఖం నాకింకా గుర్తే.

రెండేళ్ళకు ఆయన పోయాడు. భార్యగా నరసమ్మకు భూమిలో వాటా దక్కింది. ఆమెను ఎవరూ పెట్టె సర్దుకోమనలేదు.

పంక్తి కొట్టేసేముందు అందులో పేరున్న మనిషెవరో అడగాలని నాకు నేర్పింది ఆమే. ఆ ఏడు రిటర్ను ఆమె పేరునే వచ్చింది. పెళ్ళి తేదీ అన్నచోట గుళ్ళో తాళి కట్టిన నాటి తేదీ రాయించింది. చట్టం ప్రకారం అది తప్పు. పెన్సిల్ తీశాను. కాసేపు పట్టుకుని, సొరుగులో పెట్టేశాను.