సుడిగాలి కుదురుగా కూర్చున్న మధ్యాహ్నం

యుగాలను రెప్పపాటులో చుట్టివేసే కాలపురుషుడు ఏ ప్రాణికోసమూ ఒక్క క్షణమైనా ఆగడని పెద్దలు చెప్పిన మాటను అందరూ వైరాగ్యంగా వింటే, తానొక్కతే దానిని పందెంగా స్వీకరించి, పదేళ్ల వయసున తండ్రిగారి షెడ్డులో స్పానరు పట్టిన నాటినుంచి అరవయ్యో ఏట మనవరాలికి జడలు అల్లే నాటివరకు, సూర్యునికంటె ముందు లేచి, సూర్యుడు వెళ్లిపోయాక కూడా నిలబడే ఉండి, కూర్చుని అన్నం తిన్న పూటలు వేళ్లమీద లెక్కించదగినన్ని మాత్రమే ఉండేటట్లు బతికిన ఇల్లాలు ఒకతె ఆ కొండవాలు ఊరిలో ఉంది.

ఊరంతా ఆమెను సుడిగాలి అంటుంది. ఎదుట కాదు, కాని ఆ సంగతి ఆమెకు తెలుసు, తెలిసి మురిసిపోతుంది కూడా. ఆమె వృత్తి మోటారు మరమ్మతు. బండి మలుపు తిరిగి షెడ్డు ముందుకు రాకముందే ఇంజను చప్పుడు విని, చేతులు తుడుచుకుంటూ ఎదురువెళ్లి, "దిగకండి, దిగకండి, ఫ్యాను బెల్టు వదులైంది, అంతే!" అంటుంది. ఆ మాట ఏనాడూ తప్పిపోలేదు. శ్రుతి తప్పిన స్వరాన్ని విద్వాంసుడు పట్టుకున్నట్లు, యంత్రంలోని అపస్వరాన్ని ఆమె చెవి పట్టుకునేది. ఈశ్వరుడు ఒక్కొక్కరి ఇంద్రియంలో ఒక్కొక్క విద్య నిలుపుతాడు.

షెడ్డు పక్కనే ఆమె భర్త గడియారాల దుకాణం. మధ్యగోడలో ఒక చిన్న కిటికీ. ఆ మహానుభావుడు ఒక్క చక్రాన్ని దాని ఇరుసులో కూర్చోబెట్టడానికి ఒక పూట తీసుకుంటాడు. "మా ఆయన ఊఁ అనేలోపు నేను నాలుగు బళ్లు పంపించేస్తాను" అని ఆమె అంటే, ఆయన కంటిలో భూతద్దం తీయకుండానే, "పంపించు. తిరిగి వచ్చిన గడియారం మాత్రం నా దగ్గర ఒక్కటీ లేదు" అనేవాడు. నలభై ఏళ్ల దాంపత్యం ఈ రెండు వాక్యాలమీదనే హాయిగా నడిచింది.

అట్టి ఇంటిమీదికి ఒక సోమవారంనాడు పళ్లడాక్టరుగారి బండి రూపంలో చిక్కు వచ్చిపడింది.

ఆ బండి సామాన్యమైనది కాదు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పెద్ద వ్యాను. లోపల వాలుకుర్చీ, దీపం, కుళాయి అన్నీ ఉన్నాయి. కొండమీద వీధివీధికీ వెళ్లి, ఆగినచోటనే పళ్లు బాగుచేస్తుంది. దానిని పన్నెండేళ్లుగా నడుపుతున్నవాడు సుడిగాలి అల్లుడు. ఆ సోమవారం బండి దర్జీ దుకాణం ముందు నిలిచింది. వాలుకుర్చీలో బడిపంతులుగారు నోరు తెరుచుకుని పడుకుని ఉన్నారు. కొంతసేపటికి కిటికీలోనుంచి చూస్తే దర్జీ దుకాణం బోర్డు కనబడవలసినచోట మందుల దుకాణం బోర్డు కనబడింది. పంతులుగారు వేలు చూపుతూ "ఆఁ! ఆఁ!" అన్నారు.

"అయిపోయింది మాస్టారూ, ఇంకొక్క నిమిషం ఓర్చుకోండి" అన్నది డాక్టరమ్మ.

మరికొంతసేపటికి రొట్టెల దుకాణం వచ్చింది. పంతులుగారు రెండు చేతులూ ఊపారు. "అంత నొప్పా? మత్తు ఇచ్చానే!" అంటూ ఆమె తలెత్తేసరికి, బండి మెత్తగా వెళ్లి రొట్టెల దుకాణంవారి పూలకుండీలను ఆనుకుని ఆగింది. రెండు కుండీలు పగిలాయి. పంతులుగారి పన్ను మాత్రం చక్కగా వచ్చేసింది.

ఊరు రెండు రోజులు కడుపుబ్బ నవ్వుకుంది. నవ్వనివాడు ఒక్కడే, ఆరోగ్యశాఖ అధికారి. డ్రైవరు గేరు న్యూట్రల్‌లో వదిలి టీకి వెళ్లాడని ఆయన తీర్మానం. వానాకాలంలో హ్యాండ్‌బ్రేకు లాగి ఉంచితే తుప్పుతో అతుక్కుపోతుంది గనుక ఆ ఊరి డ్రైవర్లందరూ దానిని ముట్టుకోరు. పార్కింగ్ గేరు వేసి, చక్రానికి అడ్డంగా ఒక రాయి పెడతారు. అల్లుడు రెండూ చేశానన్నాడు. తడిసిన నున్నని బండలమీద రాయికూడా చక్రంతోపాటు జారి, కుండీల దగ్గర చక్రం ముందే కనబడింది. "బండి ఆగాక తెచ్చి పెట్టావు" అన్నాడు అధికారి. బండిలో లోపమున్నదని శనివారం ఉదయం పదింటికల్లా రుజువు చేయకపోతే ఉద్యోగం లేదన్నాడు.

సుడిగాలి ఆ సోమవారమే బండిని షెడ్డులో పెట్టించింది. నాలుగు చక్రాలూ పైకెత్తి, పార్కింగ్ గేరు కొక్కెం చూసింది. ఉక్కులా ఉంది. కిందికి దించి, భుజంతో నెట్టింది. కదలలేదు. మంగళవారం వాలులో పెట్టి, అలవాటు ప్రకారం రాయి చక్రానికి ఆనించి, మూడు నిమిషాలు చూసింది. కదలలేదు. రాయి ఆనించనిదే బండిమీద చెయ్యి వేయరాదన్నది తండ్రి నేర్పిన మొదటి పాఠం. నిద్రలో లేపినా ఆమె చేయి ముందు రాయినే వెతుక్కుంటుంది. బుధవారం మళ్లీ చూసింది. మళ్లీ అంతే. ఆగి ఉన్న బండికి చప్పుడు లేదు. చప్పుడు లేనిచోట ఆమె విద్యకు దారి లేదు.

"మీ ఆయన మరిచిపోయే ఉంటాడే" అని కూతురితో అనేసింది.

ఆ మాట గోడ దాటి అల్లుడి చెవిన పడింది. ఆనాటినుంచి అతడు అత్తగారింటి వైపు రాలేదు. కూతురు మాత్రం వచ్చి గుమ్మంలోనే నిలబడి, "ఆయన నిన్న అన్నంలో నీళ్లు పోసుకుని లేచిపోయారమ్మా. ఊరు అంటే పడతాను, అత్తయ్య కూడా అన్నదా అంటున్నారు" అన్నది. సుడిగాలి స్పానరు తీసుకుని మళ్లీ బండి దగ్గరికే వెళ్లింది.

శుక్రవారం మధ్యాహ్నం పంతులుగారు తన చేతిగడియారం కోసం పక్క దుకాణానికి వచ్చి, వందోసారి కథ చెప్పడం మొదలుపెట్టారు.

"పరుగెత్తలేదండీ! నడిచిందని కూడా అనలేను. జరిగింది. దర్జీ దగ్గరినుంచి రొట్టెల దగ్గరికి అరగంట పట్టింది. చూస్తుంటే కదిలినట్టే లేదు, కళ్లు మూసి తెరిస్తే దుకాణం మారిపోయింది!"

గడియారాల ఆయన కంటిలోని భూతద్దం తీశాడు. తీసి, తుడిచి, బల్లమీద పెట్టాడు. అటుపిమ్మట కిటికీలోనుంచి భార్యను పిలిచాడు.

"ఏమోయ్, ఇటు రా."

"ఏంటండీ, చేతిలో పనుంది!"

"ఆ వీధిలో బండిని న్యూట్రల్‌లో వదిలేస్తే ఎంతసేపట్లో కిందికి పోతుంది?"

"ఎంతసేపేంటి, దూకేస్తుంది! ఆవలించేలోపు..." అని ఆమె ఆగిపోయింది.

"మరి అరగంట పట్టిందంటున్నారు మాస్టారు. అంటే అల్లుడుగారు గేరు వేశారు. గేరు పట్టుకుంది కూడా. పట్టు ఎక్కడో సడలుతోంది, అంతే. చిన్నముల్లు కదలడం నువ్వెప్పుడైనా చూశావా? కదలదా మరి? నువ్వు మూడు నిమిషాలు చూశావు. అదీ రాయి పెట్టి."

ఆమె ముఖంలో రంగులు మారాయి. ఆపైన పకపకా నవ్వింది. "అరవయ్యేళ్లొచ్చాక నాకు కూర్చోవడం నేర్పుతారా మీరు!"

"నేర్పను. కుర్చీ ఇస్తాను" అన్నాడాయన.

షెడ్డు వెనక, వీధి అంత ఏటవాలు కాని చిన్న వాలులో బండిని ముక్కు కిందికి ఉండేటట్లు నిలిపారు. పార్కింగ్ గేరు వేశారు. ఈసారి ఆమె రాయిని చక్రానికి ఆనించలేదు. జానెడు ఎడంగా పెట్టి, అది జారకుండా కింద గోనెపట్టా పరిచింది. చేయి రెండుసార్లు దానిని దగ్గరికి జరపబోతే, భర్త రెండుసార్లు దగ్గాడు. నాలుగు చక్రాలమీద సుద్దముక్కతో నిలువు గీతలు గీసింది. గేర్‌బాక్సు నుంచి ముందు చక్రాలకూ, వెనక చక్రాలకూ బలం మోసుకుపోయే రెండు పొడుగాటి కడ్డీల కొసలమీద కూడా గీతలు గీసింది. అప్పుడు కూర్చుంది.

ఆ కూర్చోవడం చూడడానికి వీధి వచ్చింది. దర్జీ టేపు మెడలో వేసుకునే వచ్చాడు. "ఏంటమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని రొట్టెల ఆయన కంగారుపడ్డాడు. ఆమె లేవబోయినప్పుడల్లా భర్త, "పది నిమిషాలే అయింది... పన్నెండే అయింది" అని గడియారం చూపించేవాడు. తపస్సు చేసే మునులకు కూడా అన్ని ఆటంకాలు ఎదురై ఉండవు.

నలభై నిమిషాలకు చక్రాలమీది గీతలు నాలుగూ వాలాయి. రాయికీ చక్రానికీ నడుమ జానెడు బెత్తెడైంది.

"కదిలింది!" అని వీధి కేక పెట్టింది. ఆమె కేక పెట్టలేదు. కదులుతున్న బండికిందికి దూరరాదు గనుక, వీధితోపాటు వచ్చిన డాక్టరమ్మను రోగుల నోటిలో పెట్టి చూసే చిన్న అద్దం అడిగి, గొడుగుకర్రకు కట్టి, దీపం పట్టించి పక్కనుంచి చూసింది. వెనక కడ్డీ రెండు కొసలమీది గీతలూ కలిసి, ఒక్కదిక్కుకే తిరిగాయి. ముందు కడ్డీకి చక్రాల వైపు గీత ఒకదిక్కుకు వాలింది. గేర్‌బాక్సు వైపు గీత దానికి ఎదురుదిక్కుకు వాలింది.

"ఒక్క కడ్డీకి రెండు కొసలూ చెరోవైపు తిరుగుతాయా డాక్టరుగారూ?" అన్నది. "ఇది ఒక్కటి కాదు, రెండు! లోపల జాయింటు పళ్లు అరిగి ఊడిపోయాయి. పైన తొడుగు ఉంది కాబట్టి కనిపించలేదు. చక్రాలన్నీ పైకెత్తి వెతికాను కాని, ఈ రెండు కొసలూ కలిపి చూడలేదు నేను."

"పళ్లు అరిగితే నా దగ్గరికి తేవాల్సింది" అన్నది డాక్టరమ్మ. వీధి ఘొల్లున నవ్వింది.

సుడిగాలి నవ్వుతూనే పరుగెత్తింది, వాలు దిగి నేరుగా కూతురి ఇంటికి. అల్లుడు అరుగుమీద బూట్లు తుడుచుకుంటున్నాడు. అత్తగారు రొప్పుతూ రావడం చూసి లేచి నిలబడ్డాడు.

"అల్లుడుగారూ, తప్పు నాది. మీరు గేరు వేశారు. రాయీ పెట్టారు. నా నోరే జారింది."

అతడు చేతిలోని బూటు అరుగుమీద పెట్టాడు. పెదవి చివర నవ్వు ఆగలేదు. "బండికంటే బాగా స్పీడుగా జారింది అత్తయ్యా."

"ఇంకా ఏమైనా అనండి, పడతాను. మొన్నామధ్య కొండ ఎక్కేటప్పుడు బండి బద్ధకంగా ఉందని చెప్పారు కదూ?"

"చెప్పాను. నాకే బద్ధకం అన్నారు."

"అన్నానా?" అని ఆమె నెత్తిన చేయి పెట్టుకుంది. లోపలినుంచి కూతురి నవ్వు ఫక్కున వినబడింది.

శనివారం పదింటికి అధికారి వచ్చాడు. ఆమె ఏమీ వాదించలేదు. ముందుగా కుర్చీ చూపించింది. "కూర్చోండి సారూ. నలభై నిమిషాలు."

"నాకంత తీరిక లేదమ్మా."

"నాకూ లేదనుకున్నాను సార్, అరవయ్యేళ్లు."

ఆయన కూర్చున్నాడు. కొత్త గీతలు ఆయనచేతనే గీయించారు, గేరు ఆయనచేతనే వేయించారు, తాళంచెవి ఆయన జేబులోనే వేశారు. గీతలు వాలాయి. అప్పుడామె వివరించింది: "పార్కింగ్ గేరు రెండు కడ్డీలనూ కలిపి కట్టేస్తుంది. ఒకటి తెగిపోయింది. ఇక రెండోదాన్ని పట్టుకున్నది రెండు కడ్డీలకూ బలం పంచే మధ్యపెట్టెలో ఉండే చిక్కటి నూనె ఒక్కటే. తేనె సీసాలో చెంచా నిలబెట్టండి, నిలబడ్డట్టే ఉంటుంది, కాసేపటికి వాలుతుంది. బండి నడిచేటప్పుడు కూడా ఆ నూనే బరువు లాగింది, అందుకే ఎవరికీ తెలియలేదు."

అధికారి లేచి, చేతికంటిన సుద్ద దులుపుకుని, అందరి ఎదుటా డ్రైవరు చేయి పట్టుకున్నాడు. "పొరపాటు నాదయ్యా. సోమవారం నుంచి రా" అన్నాడు. అటుపిమ్మట కొంచెం బిడియపడుతూ పళ్లడాక్టరమ్మవైపు తిరిగి, తనకూ వెనక పన్ను ఒకటి కదులుతున్నదన్నాడు. "బండి బాగయ్యాకే కూర్చుంటాను సుమా!" అనికూడా అన్నాడు.

ఆనాటి మధ్యాహ్నం ఆ ఇంటిలో ఐదుగురూ ఒకే చాపమీద కూర్చుని భోజనం చేశారు. అత్తగారు అల్లుడికి నెయ్యి వడ్డించడానికి లేవబోతే, అతడే గిన్నె అందుకుని ఆమె విస్తరిలో వేశాడు. మనవరాలు, "అమ్మమ్మ కూచుంది! అమ్మమ్మ కూచుంది!" అని పొరుగింటికి చెప్పడానికి పరుగెత్తింది.

సకల చరాచరాలనూ నడిపేవాడు, నిలిపేవాడు అయిన ఆ పరమేశ్వరుడు ఆ తల్లి చెవికి చురుకును, చేతికి సత్తువను నూరేళ్లు నిలుపుగాక. ఆ దంపతుల ముచ్చట్లకు కొరత రాకుండుగాక. ఆ అల్లుడు ఎక్కిన ప్రతి కొండా క్షేమంగా దిగివచ్చుగాక. ఆ గడప లోపలి నవ్వు పిల్లల పిల్లల నోట కూడా మోగుతూ, ఆ ఇల్లు చల్లగా, పచ్చగా వర్ధిల్లుగాక.